ఎర్ర సిరా, వేసవి సెలవులు

ఉత్తరం:

ప్రకాశం జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయిని ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. వయసు 43. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతారు. పదిహేనేళ్ళ కిందట ఆవిడ రాసిన రెండు కథలు వారపత్రికల్లో అచ్చయ్యాయి. ఆ తరువాత పాప పుట్టడం, రెండు బదిలీలు, మామగారి జబ్బు, ఇల్లు కట్టుకోవడం. ఇన్నేళ్ళలో కథలు మొదలుపెట్టడం ఆగలేదు గాని, పూర్తిచేయడం ఆగిపోయింది. 200 పేజీల నోటు పుస్తకంలో మూడు కథలు సగం సగం ఉండిపోయాయి. బడి నడిచినన్నాళ్ళూ "వేసవి సెలవుల్లో కూర్చుంటాను" అనుకుంటారు. జూన్ 12న బడి తెరిచేసరికి పుస్తకం ఉన్నచోటే ఉంటుంది.

పోయిన వేసవిలో పట్టుబట్టి మేడ మీది గదిలో బల్ల, కుర్చీ వేయించుకున్నారు. రోజుకు నాలుగు గంటలు రాయాలని పట్టిక గీసి గోడకు అంటించారు. మొదటి రోజు పదకొండింటికే గది కాగిపోయింది. చెమటకు కాగితం చేతికి అతుక్కుంది. ఒక వాక్యం రాయడం, కొట్టేయడం, ఫోను చూడడం. అయిదో రోజుకు ఆడపడుచు పిల్లలు వచ్చారు. తరువాత ఆవకాయ, ఆ తరువాత రెండు పెళ్ళిళ్ళు. పట్టిక జూన్ దాకా గోడ మీదే ఉంది. దాని వంక చూడాలంటే సిగ్గేసేదని రాశారు. "సెలవులు బడికి గాని ఇంటికి ఉంటాయా?" అని అత్తగారు అన్న మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉందట.

రెండో సంగతి పాపది. పన్నెండేళ్ళు, ఏడో తరగతి పూర్తయింది. నిరుడు దసరా సెలవుల్లో ఒక కథ రాసుకుని అమ్మకు చూపించింది. పక్కింటి పెద్దావిడ దొడ్లో చింతచెట్టు కొట్టేసిన రోజు గురించి. అమ్మ సంతోషంగా చదువుతూ, అలవాటు కొద్దీ, ఎర్ర పెన్నుతో వత్తులూ దీర్ఘాలూ దిద్దారు. మొదటి పేజీలోనే పదకొండు చోట్ల. పాప పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత ఏమీ చూపించలేదు. రాస్తున్నదో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు ఊళ్ళో పిల్లలకు కథలు రాయడంలో వేసవి శిబిరం పెడుతున్నారు. మూడు వారాలు, 4,000 రూపాయలు. పాపను అందులో చేర్చాలని ఈవిడ కోరిక. ఎనిమిదో తరగతికి లెక్కల్లో పునాది గట్టిపడాలి, కోచింగులో వేద్దామని భర్త పట్టు. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఆవిడ అడిగినవి మూడు. ఈ వేసవిలోనైనా నేను రాయగలనా? పాపను ఎక్కడ చేర్చాలి? ఆ ఎర్ర పెన్నుతో దాని ఉత్సాహాన్ని నేనే చంపేశానా?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ఇబ్బంది ఏమిటో తెలుసుకోవడానికి, రెండోసారి మీ వాక్యాల కోసం. మూడో పేజీలో ఆవకాయ గురించి ఇలా రాశారు: "మూడో రోజు మా అత్తగారు జాడీకి కట్టిన వాసెన విప్పి, మూత తీసి, ముందు వాసన చూస్తారు. తరువాతే గరిటె పెడతారు. ఆ రెండింటికీ మధ్య మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు." రాయలేకపోతున్నానని చెప్పుకోవడానికి రాసిన ఉత్తరంలో ఈ మూడు వాక్యాలు ఉన్నాయి. ఆరు పేజీల్లో కొట్టివేతలు రెండే ఉన్నాయి. మేడ మీది గదిలో వాక్యానికొక కొట్టివేత పడిన చేతికి ఇక్కడ ఇంత ధారాళంగా ఎలా వచ్చింది?

నాకు తోచింది చెబుతాను. ఇక్కడ మీరు ఒక మనిషికి సంగతి చెబుతున్నారు. అక్కడ కథ అనే పెద్ద వస్తువును తయారు చేయబోయారు. పైగా పదిహేనేళ్ళ కిందట అచ్చయిన రెండు కథలూ ఎదురుగా కూర్చుని, ఇది మాకు సాటి వస్తుందా అని అడుగుతూ ఉండి ఉంటాయి. ఆ ప్రశ్నకు జవాబు మొదటి వాక్యం దగ్గరే దొరకాలంటే ఎవరివల్లా కాదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి, కింద మళ్ళీ అక్కరకొస్తుంది.

ఇంకొక మాట ముందే చెప్పాలి, కొంచెం నొప్పించినా సరే. మీ ఉత్తరంలో మీ నోటు పుస్తకం, పాప నోటు పుస్తకం ఒకే ముడిలో పడ్డాయి. మీరు ఆపేసిన చోటు నుంచి పాప అందుకోవాలని మీకు ఎక్కడో ఉంది. తప్పేమీ కాదు, తల్లి మనసు. అయితే ఆ కోరిక బరువు పన్నెండేళ్ళ పిల్ల మీద పడుతుంది. శిబిరమా కోచింగా అన్న వాదనకు అంత పదును రావడానికి కారణం కూడా అదేనేమో చూసుకోండి. అందుకని రెండు పుస్తకాలనూ విడదీసి మాట్లాడతాను.

ముందు మీది. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులంటే 49 రోజులు. అందులో మీరు రాసిన పనులన్నీ తీసేసి చూశాను. ఆడపడుచు పిల్లలు పది రోజులు, పచ్చళ్ళు నాలుగు, వడియాలు అప్పడాలు మూడు, పెళ్ళిళ్ళు ప్రయాణాలతో కలిపి ఆరు, బడివాళ్ళ శిక్షణ తరగతులు అయిదు. మొత్తం 28. మీకు ఖాళీగా మిగిలేవి 21 రోజులు. ఆ ఇరవై ఒక్కటీ ఒక వరుసలో రావు, అక్కడొకటి ఇక్కడొకటి వస్తాయి. గోడ మీది పట్టిక ఈ ఇంటిని చూసి గీసింది కాదు. పనులేవీ లేని ఇల్లు ఒకటి ఊహించుకుని, అందులో ఉండే ఒక రచయిత్రి కోసం గీశారు. దాన్ని చూసి మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకొక లెక్క. రోజుకు ఇరవై నిమిషాలు, పెళ్ళి రోజున కూడా, పచ్చడి రోజున కూడా. 49 రోజులకు 980 నిమిషాలు, అంటే పదహారు గంటల పైమాట. ఇరవై నిమిషాలకు ఒక పేజీ అనుకున్నా 49 పేజీలు. వారపత్రిక కథ చేతిరాతలో పది పన్నెండు పేజీలకు మించదని మీకు తెలుసు. సగంలో ఉన్న మూడు కథల్లో ఒకటో రెండో ఒడ్డున పడడానికి ఇది చాలు.

అలవాటు మాటకొస్తే, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చేసిన ఒక పరిశోధన ఉంది. 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరిని ఒక చిన్న పని ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చేయమన్నారు. పన్నెండు వారాలు గమనించారు. ఆ పని ఆలోచన లేకుండా దానంతట అది జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పడుతుందని తేలింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టవచ్చని లెక్క కట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ జరగలేదని కూడా గమనించారు. మీకు ఇందులో అవసరమైన సంగతి ఏమిటంటే, ఏప్రిల్ 24న మొదలుపెడితే 66వ రోజు జూన్ 28 అవుతుంది. అప్పటికి బడి తెరిచి రెండు వారాలు దాటుతుంది. అంటే సెలవుల్లో మాత్రమే దొరికే వేళను రాతకు ఇస్తే, అలవాటు గట్టిపడక ముందే ఆ వేళ చేజారిపోతుంది. మీకు ఏటా జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. కాబట్టి వేళను ఎంచుకునేటప్పుడు మే నెలను చూసి ఎంచుకోకండి. జూన్ చివరి వారంలో, బడి సంచి భుజాన వేసుకునే రోజుల్లో కూడా అది మిగులుతుందా అని చూడండి.

మీ ఇంటి రోజును బట్టి నాకు మూడు వేళలు కనిపిస్తున్నాయి.

తెల్లవారుజామున అయిదున్నర. కాంక్రీటు కప్పు పగలంతా ఎండను తాగి సాయంత్రం నుంచి లోపలికి వదులుతూ ఉంటుంది. అందుకే మేడ గది రాత్రి ఎనిమిదింటికి కూడా ఉడుకుతుంది. అది కాస్త చల్లబడేది ఈ వేళకే. జూన్‌లోనూ ఈ వేళ మీ చేతిలో ఉంటుంది. మూల్యం ఏమిటంటే, రాత్రి పదింటికి పడుకోవాలి. వేసవిలో పిల్లలు, చుట్టాలు మేడ మీద పక్కలు వేసుకుని కబుర్లు చెప్పుకుంటుంటే మీరొక్కరే లేచి వెళ్ళడం అంత సులువేమీ కాదు. అత్తగారి కాఫీ వేళ కూడా అదే అయితే, ఆ మాట ముందే ఆవిడతో అనుకోవాలి. చెప్పకుండా మొదలుపెడితే మూడో రోజుకే ఇంట్లో రుసరుసలు వస్తాయి.

భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీసే వేళ, రెండు నుంచి మూడు. వేసవిలో ఇంతకన్నా నిశ్శబ్దమైన గంట ఉండదు. రోహిణి కార్తెలో వీధిలో కాకి కూడా అరవదు. ఈ గంట మీకు ఇష్టమని ఉత్తరంలోనే తెలుస్తోంది. అయితే ఇది జూన్ 12న పోతుంది. ఇది తీసుకుంటే సెలవుల్లో ఎక్కువ రాస్తారు, అలవాటు మాత్రం మళ్ళీ మొదటి నుంచి నిలబెట్టుకోవాలి. ఒక కథ ముగించడమే ఈ ఏటి కోరిక అయితే ఇది మంచిదే.

రాత్రి తొమ్మిదిన్నర తరువాత. వంటిల్లు సర్దుకున్నాక. ఇది జూన్‌లోనూ ఉంటుంది. కానీ అప్పటికి మీ ఒంట్లో ఓపిక ఎంత మిగులుతుందో మీకే తెలియాలి. ఫోను చేతికి వచ్చే వేళ కూడా ఇదేనని మీరే రాశారు.

నేనైతే తెల్లవారుజాము వైపు మొగ్గుతాను. మీ నిద్ర, మీ ఒళ్ళు, మీ ఇల్లు నాకు తెలియవు గనుక ఇదే చేయండని అనను. ఏది ఎంచుకున్నా బల్లను మాత్రం మేడ మీద వదిలేసి రండి. పొద్దుటి వేళ అయితే పడమటి వసారాలో నీడ ఉంటుంది. మణికట్టు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకుంటే కాగితం అంటుకోదు. ఫోను ఇంకో గదిలో ఉండాలి. సైలెంటులో పెట్టి పక్కన ఉంచుకుంటే చాలదు.

నాలుగో దారి కూడా ఉంది. ఈ వేసవిలో కథలు రాయనని మీకు మీరే చెప్పుకుని, చదవడం, చిన్న చిన్న సంగతులు రాసి పెట్టుకోవడం మాత్రం చేయడం. ఇది ఓటమి కాదు. పదిహేనేళ్ళ బరువు దిగి మనసు తేలికపడుతుంది. అయితే ఆ మూడు కథలూ వచ్చే ఏప్రిల్‌లో కూడా సగంలోనే ఉంటాయి. అది సహించగలరా అన్నది మీరు తేల్చుకోవాలి.

ఏమి రాయాలి అన్నదానికి వస్తాను. మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. వంటింటి గోడకు వేలాడే కాలెండరులో, తేదీల గడుల్లో, పాల లెక్క రాసేది. పెన్సిలు ముక్క కాలెండరు మేకుకే దారంతో కట్టి ఉండేది. 'అర లీటరు ఎక్కువ - చిన్నాన్న'. 'పాలు లేవు - గేదె ఈనింది'. 'పావు - జ్వరం'. ఒక ఏడాది మే నెలలో వరుసగా పదకొండు గడులలో ఏమీ లేదు. ఆ పదకొండు రోజులూ ఆవిడ ఆసుపత్రిలో మా తమ్ముడి మంచం పక్కన ఉంది. ఆవిడ పోయాక ఆ కాలెండర్లు దులిపి చూస్తే ఇల్లంతా వాటిలో ఉంది. నేను ఈ వృత్తిలో ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ ఖాళీ గడులు చదివినప్పుడు ఆగినట్టు చెయ్యి ఎక్కడా ఆగలేదు.

మీ ఇంటి వేసవిలో అలాంటివి ఎన్ని జరుగుతున్నాయో చూడండి. మామిడికాయ కొట్టించేటప్పుడు టెంకలోని జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచే చేతులు. మేడ మీద వడియాలకు కాకులు రాకుండా కాపలా కూర్చున్న పిల్ల. సాయంత్రం మల్లెలు కొలిచే డబ్బా. ఇవన్నీ రాతకు అడ్డం వస్తున్నాయని మీరు ఒక పేజీ నిండా రాశారు. ఆ పేజీయే మీ ఉత్తరంలో అన్నిటికన్నా బాగుంది. రోజూ ఇరవై నిమిషాల్లో ముందు అయిదు నిమిషాలు నిన్న చూసిన ఒక్క సంగతిని ఎవరో ఒకరికి చెబుతున్నట్టు రాయండి. దూరాన ఉన్న స్నేహితురాలికి కావచ్చు, పోయిన మీ నాన్నగారికి కావచ్చు. చెయ్యి వేడెక్కాక పాత కథ తెరవండి. మూడింటిలో ఒక్కటే. మిగిలిన రెండూ బీరువాలో పెట్టి తాళం వేయండి. ఏది తీయాలో తెలియకపోతే, దేని ముగింపు మీకు తెలియదో అది తీయండి. ముగింపు తెలిసిన కథను పదిహేనేళ్ళుగా మనసులో ఎన్నోసార్లు రాసేసి ఉంటారు, అందుకే కాగితం మీద విసుగు పుడుతుంది.

ఆ రోజు రాసింది ఆ రోజు దిద్దకండి. బడిలో చిత్తు పుస్తకం, సాపు పుస్తకం వేరువేరుగా ఎందుకు పెట్టిస్తారో పిల్లలకు మీరే చెబుతారు కదా. అదే ఇక్కడా.

ఇక పాప.

మీరు దాని ఉత్సాహాన్ని చంపేయలేదు. పన్నెండేళ్ళ పిల్లకు దాచుకోవడం వచ్చిందంటే దాచుకోవడానికి ఏదో ఉందనే అర్థం. అయితే గాయం చిన్నదని కూడా అనను. ఆ పిల్ల మీకు చూపించింది ఒక చెట్టు పడిపోయిన రోజు. ఆ పెద్దావిడ ఏడ్చిందా, కొమ్మల మీది పిట్టలు ఎటు పోయాయి, నీకు ఎలా అనిపించింది అని మీరు అడుగుతారనుకుని ఉంటుంది. మీరు పేజీలో పదకొండు చోట్ల జవాబిచ్చారు, వాటిలో ఒక్కటీ చెట్టు గురించి కాదు. మీ మనసులో ఆనందమే ఉంది, నేను నమ్ముతాను. ఇరవై ఏళ్ళుగా కట్టలు కట్టలు దిద్దిన చెయ్యి, ఎర్ర పెన్ను పట్టగానే దాని పని అది చేసుకుపోయింది. పాపకు మాత్రం ఆ క్షణంలో అమ్మ కనబడలేదు, టీచరమ్మ కనబడింది.

మరి వత్తులు ఎప్పుడు నేర్చుకుంటుందని మీరు అడుగుతారు. తెలుగు టీచరుగా అడగాలి కూడా. నేర్చుకుంటుంది. రాసింది పైకి చదివేటప్పుడు సగం తప్పులు దాని చెవికే తగులుతాయి. మిగిలినవి, అది తనంతట తాను సాపు ప్రతి రాయాలనుకున్న రోజున "అమ్మా, ఇక్కడ ఠ కు వత్తు ఎలా?" అని వచ్చి అడుగుతుంది. అప్పుడు చెప్పండి, అడిగినంతవరకే.

ఇప్పుడేమి చేయాలన్నదానికి మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఆ సంగతి ఎత్తకుండా ఊరుకోవడం. కాలం మాన్పుతుందని. మాన్పవచ్చు కూడా. కానీ ఇంకో మూడు నాలుగేళ్ళలో ఆ పిల్ల మీకు చెప్పవలసిన సంగతులు చింతచెట్టు కన్నా పెద్దవి ఉంటాయి. చూపిస్తే దిద్దుతారన్న జ్ఞాపకం అప్పుడు అడ్డం వస్తుంది. రెండోది, సూటిగా చెప్పడం. "ఆ రోజు నీ కథ చదవకుండా తప్పులు వెతికాను. నాది పొరపాటు. ఆ చెట్టు కథ నాకు బాగా గుర్తుంది" అని. అంతే చాలు. దానితో పాటు కొత్త పెన్నూ, అట్ట అందమైన డైరీ కొనివ్వకండి. బహుమతి వస్తే దానికి బదులుగా ఏదో రాసి చూపించాలన్న భారం కూడా వస్తుంది. పుస్తకం చూపించమని అడగకండి. అది బడికి వెళ్ళినప్పుడు వెతికి చదవాలనిపిస్తే, ఆ ఒక్క పనీ చేయకండి. ఒకసారి తెలిసిందంటే మళ్ళీ నమ్మదు. రెండో దారిలో వెంటనే ఫలితం కనబడదు. "ఊఁ" అని వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వండి.

శిబిరమా, కోచింగా? మీ ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు ఒకటి గమనించాను. అత్తగారి మాటలు మూడు చోట్ల ఉన్నాయి. మీవారి మాటలు నాలుగు చోట్ల ఉన్నాయి. పాప అన్న మాట ఆరు పేజీల్లో ఒక్కటీ లేదు. "అది ఏమీ అనదు" అని మాత్రం రాశారు. అమ్మా నాన్నా రోజూ వాదించుకుంటుంటే ఏ పిల్ల మాత్రం ఏమంటుంది? శిబిరం అంటే నాన్నకు కోపం, కోచింగు అంటే అమ్మకు బాధ. ముందు మీ ఇద్దరూ వారం రోజులు ఆ విషయం మాట్లాడకుండా ఉండగలరేమో చూడండి. తరువాత దాన్ని అడగండి.

మీవారి ఆలోచనను తోసిపారేయకండి. ఎనిమిదో తరగతి నుంచి లెక్కలు బరువెక్కే మాట నిజం. పాపకు నిజంగా భిన్నాలో, బీజగణితమో తడబాటు ఉంటే, పొద్దుట గంటన్నర ఎవరైనా కూర్చోబెట్టి చెబితే మేలే. అది రాతకు శత్రువు కాదు. రోజుకు ఆరేడు గంటలు బడిలాగే నడిచే కోచింగు అయితే మాత్రం వేసవి అనేదే ఉండదు. పిల్లలు కాసేపు ఏమీ తోచక కూర్చోవాలి. ఏమీ తోచని మధ్యాహ్నం నుంచే బొమ్మో, ఆటో, కథో పుడుతుంది.

శిబిరం మంచిదయ్యే అవకాశం ఉంది. మీరు కాని ఇంకొకరు దాని కథను వింటారు, అదే దానికి ఇప్పుడు కావలసింది. డబ్బు కట్టేముందు ఒక పూట వెళ్ళి కూర్చుని చూడండి. ఎంతమంది పిల్లలున్నారు, ఎవరు రాసింది వాళ్ళు పైకి చదువుతున్నారా, చదివాక మొదట వచ్చే మాట కథ గురించా, తప్పుల గురించా. మొదటి రోజు నుంచే పోటీ, బహుమతులు, చివర్లో నీతి ఉండాలన్న నియమం కనబడితే 4,000 రూపాయలు మిగుల్చుకోండి. మీరు పంపారు గనుక వెళ్ళి, మీ కోసం రాసి తెచ్చే కథలు వస్తాయి. అవి ఆ చింతచెట్టు కథలా ఉండవు.

రెండూ వద్దనుకుంటే గ్రంథాలయం ఉంది. శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకు వేసవి శిబిరాలు నడుపుతుంటారు. మీ ఊళ్ళో ఈ ఏడాది ఉన్నాయేమో కనుక్కోండి. ఇంకో మాట. వేటపాలెం సారస్వత నికేతనం మొన్నటిదాకా మీ జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాలకు దానికి పెద్ద పేరు. పొద్దున్నే బయలుదేరి పాపతో ఒక రోజు వెళ్ళి రండి. నీకు పాఠంగా ఉంటుంది అని చెప్పకండి. నాకు చూడాలని ఉంది, తోడు రా అనండి. నూరేళ్ళ కిందటి పత్రిక పుట ముట్టుకుంటే ఎలా ఉంటుందో చూస్తుంది.

ఆడపడుచు పిల్లలు వచ్చే పది రోజులను మీరు నష్టం ఖాతాలో వేశారు. నేను అక్కడే ఆశ పెట్టుకుంటాను. నలుగురు పిల్లలు, ఎండకు బయటికి పోలేని మధ్యాహ్నాలు. వాళ్ళకు దత్తపది ఆట చెప్పండి. అవధానంలో పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తే అవధాని పద్యంలో పాదానికొకటి పొదుగుతారు కదా. వీళ్ళకు పద్యం అక్కరలేదు. మంచం కోడు, ముంజకాయ, కరెంటు బిల్లు, ఉడుత అని నాలుగు మాటలిచ్చి, అన్నీ వచ్చేలా ఎనిమిది వాక్యాల కథ చెప్పమనండి. కాస్త ఆరితేరాక నిషిద్ధాక్షరి. 'క' అన్న అక్షరం రాకుండా 'కాకి' కథ చెప్పాలి. ఇల్లు ఎగిరిపోతుంది. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు వేసి, వాటికి జంటగా అమరే వ్యాఖ్యలు కార్డు మీద రాసి పంపమనేవారు. మీ ఫోనులోని పాత ఫోటోలు రెండేసి తీసి అదే ఆట ఆడించవచ్చు. ఏదో ఒక హద్దు గీసి ఇస్తే పిల్లల ఊహ అందులోంచి తన్నుకుని బయటికి వస్తుంది. తెల్లకాగితం ఇచ్చి ఏదైనా రాయమంటే ముడుచుకుంటుంది. పెద్దలకూ అంతే.

వాళ్ళకు ఊపు వస్తే లిఖిత పత్రిక పెట్టుకోమనండి. ఒకే ఒక్క ప్రతి, చేతిరాతతో, బొమ్మలతో, చేతులు మారుతూ చదువుకునేది. ఇందులో మీరు పాఠకురాలు మాత్రమే. చందా రెండు రూపాయలు కట్టి మీ వంతు వచ్చినప్పుడు చదవండి. ఒక జాగ్రత్త. మీరు ఉత్సాహపడి అట్టలు, శీర్షికలు, సంపాదకీయం సర్దడం మొదలుపెడితే రెండో రోజుకు అది బడి పని అయిపోతుంది. పత్రిక మూడో రోజుకే ఆగిపోతే ఆగిపోనివ్వండి. అందులో పాప రాయకపోయినా అడగకండి.

అత్తగారి మాట ఒకటి మిగిలింది. "సెలవులు బడికి గాని ఇంటికి ఉంటాయా?" మీకు అది దెప్పుడుగా వినిపించింది. నాకు అలా అనిపించలేదు. అరవై డెబ్భై వేసవుల్లో ఒక్క రోజు సెలవు తీసుకోని మనిషి తన బతుకులో ఉన్న సంగతి ఉన్నట్టు అన్న మాట అది. నా ఊహ తప్పు కావచ్చు, ఆవిడ గొంతు విన్నది మీరు. తేల్చుకోవడానికి దారి మాత్రం ఉంది. ఈసారి మూడో రోజు ఆవకాయ తిరగకలిపేటప్పుడు పక్కన కూర్చుని అడగండి, ఆ జాడీ మొదట ఎవరిది, ఆవిడ చేతికి ఎప్పుడు వచ్చింది, మొదటిసారి ఉప్పు ఎవరు చూశారు అని. చెప్పినంత విని, మర్నాడు తెల్లవారుజామున ఆవిడ మాటల్లోనే రాసుకోండి. వత్తులూ దీర్ఘాలూ చూసుకోకుండా, కొట్టివేతలతో ఉన్న ఆ చిత్తు ప్రతినే తీసుకెళ్ళి పాపకు ఇవ్వండి. "నానమ్మ జాడీ సంగతి రాశాను. ఎక్కడ బాగా లేదో చెప్పు" అనండి. పెన్సిలు కూడా ఇవ్వండి.